వేసవి సెలవులకు ఇండియా వెళ్లే ముందు: పగడాల ట్యాంకు ఉన్నవాళ్లకు జాగ్రత్తలు

మే చివర్లో డాలస్‌లో మాకు తెలిసిన కుటుంబం ఒకటి హైదరాబాద్ బయల్దేరింది. విమానం ఎక్కడానికి రెండు రోజుల ముందు ఆ ఇంటాయన తన రీఫ్ ట్యాంకుకు, అంటే పగడాలు పెంచే ఉప్పునీళ్ల ట్యాంకుకు, కొత్త డోసింగ్ పంపు బిగించారు. పగడాలకు కావలసిన ద్రవాలను రోజూ కొలిచి పోసే పంపు అది. అది నిజంగా ఎన్ని మిల్లీలీటర్లు పోస్తోందో కొలిచి చూసే తీరిక దొరకలేదు. వారం తిరిగేసరికి, 8 డీకేహెచ్ దగ్గర నిలకడగా ఉండే ఆల్కలినిటీ 12 దాటింది. ఆల్కలినిటీ అంటే నీటిలో కార్బొనేటు వంటివి ఎంత ఉన్నాయో చెప్పే కొలత, డీకేహెచ్ దాని యూనిట్. ట్యాంకు చూసుకుంటున్న మిత్రుడు పంపిన ఫొటోలో అక్రోపోరా అనే గట్టి పగడం కొమ్మల కొసలన్నీ తెల్లగా మాడి ఉన్నాయి. ఆయన కంగారుపడి ఫోనులోనే చెప్పి సగం నీళ్లు మార్పించారు. పైకి వెళ్లిన అంకె ఒక్క పూటలో కిందికి దిగింది. మర్నాడు నేను వెళ్లి చూస్తే, కొమ్మల మొదళ్ల నుంచి కణజాలం పొరలు పొరలుగా ఊడి నీళ్లలో తేలుతోంది. ఏళ్ల తరబడి పెంచిన పగడాలవి.

అందుకే ముందుగా చెప్పేది ఇదే. ప్రయాణానికి ముందు నెల రోజుల్లో ట్యాంకులో ఏదీ కొత్తగా మార్చకండి. పంపు, లైటు, ఉప్పు బ్రాండు, కొత్త పగడం, కొత్త చేప, ఏదైనా సరే. గట్టి పగడం నీటిలోని కాల్షియాన్నీ కార్బొనేటునూ తీసుకుని అరగొనైట్ అనే సున్నపు ఖనిజంతో అస్థిపంజరం కట్టుకుంటుంది. సముద్రంలో ఆ నీటి గుణం దాదాపు మారదు. ఆల్కలినిటీ ఎప్పుడూ 7.5 డీకేహెచ్ ఉన్నా బతుకుతుంది, ఎప్పుడూ 9 ఉన్నా బతుకుతుంది. పొద్దున 7.5, సాయంత్రం 9 అయితే తట్టుకోలేదు. పప్పులో ఉప్పు తగ్గితే చెంచాడు వేసి కలిపేసినట్టు ఆల్కలినిటీ పెంచే బఫర్ పొడి వేసేవాళ్లను చాలామందిని చూశాను. రోజుకు 1 డీకేహెచ్ మించి మారనివ్వకండి, సగంలోనే ఆగితే ఇంకా మంచిది.

వేడి. ఇల్లు ఖాళీగా ఉంటుంది కదా అని, బిల్లు తగ్గించుకోవడానికి ఏసీని 85 డిగ్రీల ఫారన్‌హీట్‌కు పెట్టి వెళ్తారు. అంటే గదిలోనే 29 సెల్సియస్ దాటుతుంది. పంపుల వేడి, లైట్ల వేడి కలిసి నీళ్లు 30 దాటుతాయి. 25, 26 డిగ్రీలకు అలవాటుపడిన పగడం కొన్నాళ్లు అలా ఉంటే, దానికి ఆహారం తయారుచేసి ఇచ్చే సూక్ష్మ శైవలాలను బయటికి వదిలేసి తెల్లబడుతుంది. ఏసీని 78 దగ్గరే ఉంచండి, ఆ బిల్లు కట్టండి. హీటరు చెడిపోయిందంటే ఆగిపోయిందనే అనుకుంటారు. చాలాసార్లు అది ఆన్‌లోనే ఇరుక్కుపోతుంది. నీళ్లు వేడెక్కితే హీటరుకు కరెంటు ఆపేసే కంట్రోలరు ఒకటి విడిగా పెట్టి, హీటరును దానికి కలపండి.

కరెంటు. 2024 జులై 8న బెరిల్ తుఫాను వచ్చినప్పుడు హ్యూస్టన్ ప్రాంతంలో 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. కొందరికి వారం దాటినా రాలేదు. ఒకటి రెండు రోజులు లైటు లేకపోయినా పగడాలు చావవు. నీళ్లు కదలక ఆక్సిజన్ పడిపోతే, రాత్రి గడిచేసరికి చేపలూ పగడాలూ పోతాయి. కరెంటు పోగానే దానంతట అదే మొదలయ్యే బ్యాటరీ గాలి పంపు ఒకటి పెట్టండి. అర్ధరాత్రి రెండు గంటలకు మీ మిత్రుడు అక్కడ ఉండరు.

నీళ్లు. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. తగ్గినప్పుడు పోయాల్సినది ఆర్వో, డీఐ ఫిల్టర్లతో లవణాలన్నీ తీసేసిన మంచినీళ్లే. ఉప్పునీళ్ల డబ్బా కనిపించకుండా దాచండి.

ఇక మిగిలినవి. నీళ్లు నింపే ఆటోమేటిక్ పంపుకు పెద్ద డ్రమ్ము పెట్టకండి, సెన్సారు మొరాయిస్తే అదంతా ట్యాంకులోకి పోతుంది. ఆల్కలినిటీ పెంచే సున్నపు నీళ్లను ఆ డ్రమ్ములో కలపకండి. ఒకసారి మెయిన్ పంపు ఆపి, వెనక్కి వచ్చే నీరు సంపులో (ట్యాంకు కింద ఉండే ఫిల్టరు తొట్టిలో) పడుతుందో, నేలమీదికి వస్తుందో చూసుకోండి. చేపల మేతను మాత్రల డబ్బాలో రోజువారీగా సర్దండి, మిగతా మేత తాళం వేసి పెట్టండి. పాపం ఆకలేస్తోందని ఎక్కువ వేస్తారు. నీటిలోని ఫాస్ఫేటు అనే పోషకాన్ని సున్నాకు దింపి వెళ్లకండి. ముందురోజు పెద్ద వాటర్ ఛేంజ్ వద్దు. డోసు పెంచవద్దు. డోసింగ్ పంపు పాతదే ఉంచండి, మోత చేసినా సరే. కొత్తది కొన్నారా, అట్టపెట్టెలోనే ఉండనివ్వండి. మిత్రుడు పరీక్ష చేసి చెప్పే అంకె చూసి ఫోనులో సరిదిద్దకండి, ముందు రెండోసారి పరీక్ష చేయించండి. అంకె నిజంగానే పెరిగి ఉంటే డోసు ఆపమనండి, అంతే. పగడాలు దాన్ని వాడుకుంటూ మెల్లగా దింపుతాయి.

ఇండియా నుంచి వచ్చేటప్పుడు రామేశ్వరం వైపు ఒడ్డున దొరికిన పగడం ముక్క కూడా తేవద్దు. 2001 నుంచి ఇండియాలో గట్టి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, ఎండిన ముక్క దగ్గర ఉన్నా నేరమే.

తిరిగి వచ్చిన రోజు పరీక్ష చేయండి, దేన్నీ ముట్టుకోకండి. మర్నాడు అదే వేళకు మళ్లీ చేయండి. అప్పటికీ ఆల్కలినిటీ తక్కువగానే ఉంటే, రోజుకు అర డీకేహెచ్ చొప్పున పెంచడం మొదలుపెట్టండి.