రుద్రమదేవి వేషం కట్టాలంటే

ఖిలా వరంగల్‌లో బడిపిల్లల ముందు రుద్రమదేవిగా నిలబడాలంటే కిరీటం కంటే ముందు మాట సంగతి చూసుకోండి. 1289 నాటి చందుపట్ల శాసనం ఆమె మరణం గురించి చెబుతుంది, కాబట్టి ఆ తర్వాతి ముచ్చటేదీ మీ నోట రాకూడదు. పిల్లలు ఊరుకుంటారా! "అమ్మా, మిర్చి బజ్జీ తింటారా?" అని ఒకడు అడిగితే టక్కున తింటానన్నాను, పక్కనున్న సారు నవ్వేసరికి తల కొట్టేసినట్టయింది, ఎందుకంటే మిర్చి మన దేశానికి పోర్చుగీసువాళ్లతో వచ్చింది, అంటే 1498 తర్వాతే. "మిర్చా? అదేంటి నాయనా, మా వంటల్లో కారానికి మిరియాలే" అనాలి.

వాచీ తీసేయండి. పిన్నీసులు కొంగు లోపలివైపు పెట్టుకోండి. శాసనాల్లో ఆమెను రుద్రదేవ మహారాజు అని కూడా రాశారు, అందుకే గొంతు సాగదీయకుండా, రాజు పలికినట్టే పలకండి.