స్కూల్ షూ బిల్లు

జూన్‌లో కొన్న స్కూల్ షూ ఆగస్టుకే నోరు తెరిచింది. షాపుకి పట్టుకెళ్తే బిల్లు అడిగారు; తీసి చూస్తే తెల్ల కాగితం! ఆ మెషిన్ బిల్లుల మీద అక్షరాలు కొన్నాళ్ళకి వెలిసిపోతాయి. అందుకే ఈ ఏడాది కొన్నరోజే బిల్లునీ, డబ్బా మీది సైజు స్టిక్కర్‌నీ కలిపి ఫొటో తీసి మా ఆయనకి వాట్సాప్ చేశాను. వారంటీ ఎన్నాళ్ళో బిల్లు మీదే రాయించాను. రెండో నెలలో సోల్ ఊడింది. ఫొటో చూపిస్తే జత మార్చిచ్చారు.

ఊడగానే కుట్టించకండి, ఫెవిక్విక్ కూడా వద్దు. అలా చేస్తే వెనక్కి తీసుకోరు. మట్టి తుడిచి తీసుకెళ్ళండి. మొండికేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. సైకిల్ ఆపడానికి కాలు ఈడ్చి ముందు కొస అరగదీస్తే మాత్రం (మావాడి పాత జత అంతే) ఎవరూ మార్చరు.