పదో తరగతి ఇంగ్లీషు పోయెమ్, డ్రామా ఎలా చదవాలి?

పాఠం మొదలవగానే గైడు తెరిచి సమ్మరీ బట్టీ పట్టించడం గుంటూరు, విజయవాడ ట్యూషన్లలో మామూలైపోయింది. పరీక్షలో నాలుగు పంక్తులిచ్చి ప్రశ్నలడిగితే ఆ సమ్మరీ అక్కరకు రాదు. ప్రశ్న ఆ పంక్తుల్లోని మాటల మీద ఉంటుంది. సమ్మరీలో ఆ మాటలే ఉండవు.

పదో తరగతి ఇంగ్లీషు పాఠ్యపుస్తకం ఫస్ట్ ఫ్లైట్‌లోని రాబర్ట్ ఫ్రాస్ట్ పోయెమ్ 'డస్ట్ ఆఫ్ స్నో' తీసుకుందాం. హెమ్‌లాక్ చెట్టు మీద నుంచి ఒక కాకి కవి మీద మంచు రాలుస్తుంది, దాంతో అతని మనసు మారి, పాడైందనుకున్న రోజులో కొంత దక్కుతుంది. మొత్తం ఎనిమిది పంక్తులు. ముందు డిక్షనరీ ముట్టకుండా మూడుసార్లు పైకి చదవండి. పంక్తి అయిపోయిందని ఆగొద్దు, విరామచిహ్నం ఉన్నచోటే ఆగండి. ఇందులో ఫుల్‌స్టాప్ ఒక్కటే, అదీ చిట్టచివర. అంటే ఎనిమిది పంక్తులూ కలిసి ఒకే వాక్యం.

తర్వాత అన్వయం, అంటే ఏ మాట దేనితో కలుస్తుందో చూసి వాక్యంగా కూర్చుకోవడం. తెలుగు క్లాసులో పద్యానికి చేసే పనే ఇది. కర్త 'ద వే'. దాని క్రియ 'హ్యాజ్ గివెన్', రెండో స్టాంజా మొదట్లో ఉంది. పిల్లలు ఎక్కువగా కాకినే కర్త అనుకుంటారు, భావం అక్కడే పక్కదారి పడుతుంది. కవి మనసు మార్చింది కాకి తన మీద మంచు రాల్చిన తీరు. ఇది తేలకుండా ప్రతిపదార్థం మొదలుపెడితే అర్థాల జాబితా మిగులుతుంది తప్ప భావం రాదు.

ఇప్పుడు డిక్షనరీ తీయండి. హెమ్‌లాక్ దగ్గర జాగ్రత్త. ఆ పేరుతో ఒక విషపు మొక్క ఉంది కాబట్టి ఈ చెట్టూ విషపుదేనని రాసేస్తుంటారు. హెమ్‌లాక్ చెట్టు పైన్ జాతికి దగ్గరిది, విషం కాదు.

రైమ్ గుర్తించేటప్పుడు స్పెల్లింగ్ చూడకండి, వినండి. 'మూడ్' (mood), 'రూడ్' (rued) రాతలో వేరు, పలుకులో జోడీ. మన అంత్యప్రాసలాగే. వరస ఏబీఏబీ, సీడీసీడీ. అంటే ప్రతి స్టాంజాలో ఒకటో పంక్తికి మూడోది, రెండోదానికి నాలుగోది జోడీ.

జవాబుకు మూడు వాక్యాలు చాలు: మీరు చెప్పేది, దానికి ఆధారమైన మాట, ఆ మాట వల్ల ఏం తెలుస్తోంది. రోజంతా బాగుపడిందని రాస్తే తప్పు. 'సమ్ పార్ట్' అన్నాడు కవి, కొంత భాగమే దక్కింది. ఇంత చిన్న మాటను పట్టుకున్న జవాబే మంచి జవాబు.

డ్రామాను ఒక్కరే కూర్చుని చదివితే సగం పోతుంది. అదే పుస్తకంలోని చెఖోవ్ నాటకం 'ద ప్రపోజల్'లో పాత్రలు మూడే: పెళ్లి అడగడానికి వచ్చిన లోమోవ్, అతను చేసుకోవాలనుకున్న నటాల్యా, ఆమె తండ్రి. కాబట్టి ముగ్గురు పిల్లలు సరిపోతారు. నాలుగోవాడుంటే బ్రాకెట్లలోని రంగసూచనలు వాడితో చదివించండి. వాటిని వదిలేయడం పెద్ద నష్టం. లోమోవ్ గ్లౌజులు, ఖరీదైన దుస్తులు వేసుకుని ఎందుకొచ్చాడన్న ప్రశ్న వాటి నుంచే పుడుతుంది.

మొదటిసారి కూర్చుని, రెండోసారి నిలబడి చదవండి. మాట మలుపు తిరిగిన చోట పెన్సిల్‌తో గీత గీయండి. మాటల మధ్యలో లోమోవ్ 'నా ఆక్సెన్ మెడోస్' అనేస్తాడు. అవి మీవా అని నటాల్యా అడ్డుకుంటుంది. మొదటి గీత అక్కడ. పెళ్లి మాట ఎత్తకముందే పొలం తగాదా మొదలైంది. ఆ తగాదా తీరాక కుక్కల గొడవ.

పొలం తగాదా దగ్గర ఒక ప్రశ్న వేసుకోండి: లోమోవ్ వచ్చిన పని ఎవరికి తెలుసు? తండ్రికి తెలుసు, మనకు తెలుసు, ఆమెకు తెలియదు. సరుకు కోసం వ్యాపారి వచ్చాడనే ఆమెకు చెప్పారు. ఆమె ఎంత గట్టిగా వాదిస్తే మనకంత నవ్వొస్తుంది. పాత్రకు తెలియనిది చూసేవాళ్లకు తెలిసి ఉండటమే నాటకీయ వ్యంగ్యం. ఆ పదాన్ని ఈ సన్నివేశం తర్వాత నేర్పితే పిల్లలు మరిచిపోరు.

వీలైతే పిల్లల్ని విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలోనో, గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలోనో ఒక తెలుగు నాటకానికి తీసుకెళ్లండి. నటుడు డైలాగ్ మధ్య ఎక్కడ ఆగుతున్నాడో, అప్పుడు ఎదుటి పాత్ర ఏం చేస్తోందో గమనించమనండి. మర్నాడు 'ద ప్రపోజల్'లో ఏదైనా ఒక పేజీ తీసి, ఎవరెక్కడ ఆగాలో వాళ్లనే గుర్తు పెట్టమనండి.