బడికి పంపే ముందు బాక్సు మూత తీయడం నేర్పండి

మన రెండు రాష్ట్రాల్లో బడులు సాధారణంగా జూన్ 12న తెరుస్తారు. ఎల్‌కేజీలోనో ఒకటో తరగతిలోనో కొత్తగా చేరే పిల్లలుంటే, పుస్తకాలకు అట్టలు వేయడం కన్నా ముందు ఒక పని చేయండి. బడికి పంపబోయే టిఫిన్ బాక్సులోనే వారం ముందు నుంచి ఇంట్లో అన్నం పెట్టండి. మూత వాళ్లనే తీయనివ్వండి. బిగుతు క్లిప్పుల స్టీలు బాక్సు నాలుగేళ్ల చేతులకు లొంగదు. అన్నం అలాగే తిరిగొచ్చిందంటే ఆకలి లేకనే అనుకోకండి, మూత రాక, టీచరును అడగడానికి మొహమాటపడి కూడా కావచ్చు. నీళ్ల బాటిల్, నిక్కరు బటన్ సంగతీ అంతే. బడి ఒప్పుకుంటే మొదటి నెలల్లో ఎలాస్టిక్ నిక్కరే మేలు. టాయిలెట్‌కు వెళ్లాలని టీచరును ఎలా అడగాలో కూడా ఇంట్లోనే గట్టిగా అనిపించండి. నా దృష్టిలో అ ఆ లు రావడం కన్నా ఇదే ముఖ్యం.

సాయంత్రం రాగానే "ఈరోజు ఏం నేర్చుకున్నావ్?" అంటే "ఏం లేదు" అనే జవాబే వస్తుంది. ముందు తినడానికి ఏదైనా పెట్టి, కాసేపాగి, "మీ క్లాసులో ఈరోజు ఎవరు ఏడ్చారు?" అని అడిగి చూడండి. మావాడు పక్క పిల్లాడి గురించి చెబుతూ చెబుతూ తన భయాలన్నీ బయటపెట్టేవాడు. అలా చెప్పేటప్పుడు మధ్యలో సలహాలివ్వకుండా వింటే చాలు. మూడు నాలుగు వారాలు దాటినా రోజూ పొద్దున్నే కడుపునొప్పి అంటుంటే మాత్రం డాక్టరుకు ఒకసారి చూపించి, టీచరుతో విడిగా మాట్లాడండి, పిల్లల ముందు కాదు.