ప్రేమ నవలకి కాంట్రాక్ట్ వచ్చిందా? సంతకం పెట్టే ముందు ఇవి చూడండి

చిన్న పబ్లిషర్ ఎవరైనా ఫోన్ చేసి "మీ నవల మేం వేస్తాం" అంటే ఆ పూట కాళ్లు నేల మీద ఆనవు. మర్నాడు వాట్సాప్‌లో రెండు పేజీల పీడీఎఫ్ వస్తుంది, "సంతకం పెట్టి పంపండమ్మా, ప్రెస్సుకి ఇచ్చేస్తాం" అని. ప్రేమకథలు రాసే మనలో చాలామంది ఇక్కడే మొహమాటపడతాం. వేస్తామనడమే గొప్ప, మళ్లీ షరతులు కూడానా అనుకుంటాం. దయచేసి అలా అనుకోకండి. వారం రోజులు టైమ్ అడగండి. ప్రింటు తీసుకుని పెన్సిల్‌తో చదవండి. వారం ఆగలేని మనిషి రేపు లెక్కలడిగితే చెప్తాడని నేను నమ్మను.

డబ్బు ఎవరు పెడుతున్నారన్నది మొదటి ప్రశ్న. అచ్చు ఖర్చు మీదే అయితే అది ప్రింటింగ్ పని. బిల్లు తీసుకోండి, హక్కు ఒక్కటి కూడా రాసివ్వకండి.

ఖర్చు వాళ్లదే అయితే హక్కుల పాయింటు దగ్గర ఆగండి. నాకొచ్చిన దాంట్లో ఇలా ఉంది: "ఈ నవలకు సంబంధించిన సర్వహక్కులు శాశ్వతంగా ప్రచురణకర్తకే చెందును." ఈ ఒక్క వాక్యంతో అచ్చు, ఈబుక్, ఆడియో, అనువాదం, సినిమా, వెబ్ సిరీస్ అన్నీ పోతాయి. కాపీరైట్ మనం ఉన్నంతకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు ఉంటుంది. అంటే మన పిల్లలకి దక్కాల్సింది కూడా అందులోనే పోతుంది. నేను ఆ వాక్యం కొట్టేసి పక్కన రాశాను: "తెలుగులో అచ్చు పుస్తకం, ఈబుక్ వేసే హక్కు మాత్రమే, ఐదేళ్ల పాటు. మిగతా హక్కులన్నీ రచయిత్రివే." ఆయన ఫోన్ చేసి "ఆడియో కూడా ఇవ్వండి మేడమ్" అన్నారు. "ఆడియో చేసే రోజున దానికి వేరే కాగితం రాసుకుందాం సార్" అన్నాను. ఒప్పుకున్నారు.

చట్టం మన పక్షాన చాలానే ఉంది. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. గడువు రాయకపోతే ఐదేళ్లే అని, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే అని అర్థం. తీసుకున్న హక్కుని ఏడాదిలోగా వాడకపోతే ఆ హక్కు బదిలీ రద్దయినట్టే. కానీ కాంట్రాక్టులో వేరేగా రాసుకుంటే ఆ రాతే చెల్లుతుంది. అందుకే "శాశ్వతంగా" అన్న మాట కనిపిస్తే వదలకండి.

రాయల్టీ, అంటే అమ్మిన ప్రతి కాపీకి మీకొచ్చే వాటా దగ్గర శాతం చూసి సంబరపడొద్దు, దేని మీద శాతమో చూడండి. పుస్తకం ధర 200 రూపాయలనుకోండి. అట్ట మీది ధరలో 10 శాతమైతే కాపీకి 20 రూపాయలు. "వచ్చిన సొమ్ములో 10 శాతం" అని రాస్తే, షాపుకి 40 శాతం కమిషన్ పోగా మిగిలిన 120 మీద మీకొచ్చేది 12. అయిదొందల కాపీలకి తేడా నాలుగు వేలు. ఆరు నెలలకోసారి ఎన్ని వేశారు, ఎన్ని అమ్మారు, ఎన్ని ఉచితంగా ఇచ్చారు అనే లెక్క రాతలో పంపాలని కూడా రాయించండి.

మన నవలలకి ప్రత్యేకంగా వచ్చే చిక్కులు కొన్ని ఉన్నాయి. కలం పేరు మీదేనని రాయించండి, లేకపోతే రేపు అదే పేరుతో ఇంకెవరి చేతైనా రాయిస్తే గొడవపడాల్సి వస్తుంది. "తర్వాతి నవలలు కూడా మాకే ఇవ్వాలి" అని ఉంటే కొట్టేయండి. మరీ పట్టుబడితే ఒక్క నవల, అదీ ముందు వాళ్లకి చూపించడం వరకే. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే మీ దారి మీది. శృంగార సన్నివేశాలు పెంచడం, ముగింపు మార్చడం, అట్ట మీద కథకి పొంతన లేని బొమ్మ వేయడం మీ రాతపూర్వక అనుమతి లేకుండా జరగకూడదు. నాకు డబ్బు కన్నా ఇదే ముఖ్యం. మన కథానాయిక ఎలాంటి మనిషో మనకే తెలుసు.

ఈ నవల ఇదివరకే ఏదైనా యాప్‌లో సీరియల్‌గా పెట్టి ఉంటే ఆ యాప్ షరతులు మళ్లీ చదవండి. "ఈ రచనపై ఇతరులకు ఎలాంటి హక్కులూ లేవు" అని మీ చేత రాయించుకుంటారు. అది అబద్ధమైతే బాధ్యత మీదే అవుతుంది.

మాట అనుకున్న మార్పులన్నీ కొత్త కాపీలో టైపు చేయించాకే సంతకం పెట్టండి. "అది చూసుకుందాం లెండి" అన్నది కాగితంలో లేకపోతే లేనట్టే. అసలు పేరు, కలం పేరు రెండూ ఉండాలి. ప్రతి పేజీ మీద ఇద్దరి సంతకాలు, తేదీ వేసి, ఒక ఒరిజినల్ మీ దగ్గర పెట్టుకోండి. ప్రూఫులు, అంటే అచ్చుకి ముందు సరిచూసుకోమని పంపే పేజీలు వచ్చినప్పుడు వివరాల పేజీ ముందు చూడండి. హక్కులు ఎవరివని వేశారో అక్కడ ఉంటుంది. పబ్లిషర్ పేరు పడి ఉంటే అచ్చుకి వెళ్లకముందే మార్పించండి.