మన విజయనగరం, సిక్కోలు నుంచి అమెరికా కాలేజీకి వస్తున్న తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి

ఫాల్ సెమిస్టర్ దగ్గర పడిందంటే చాలు, మన జిల్లాల పిల్లలు "అన్నా, ఏటేటి తెచ్చుకోవాలి" అని మెసేజ్‌లు పెడతారు. కుక్కర్ తెచ్చుకోండి, చోడిపిండి తెచ్చుకోండి, ఆవకాయ గట్టిగా ప్యాక్ చేయించండి. కోడి పచ్చడి, మటన్ పచ్చడి మాత్రం వద్దు, మాంసం తీసేసుకుంటారు. తిండి సామాను ఉందా అని కస్టమ్స్‌లో అడిగితే ఉందనే చెప్పాలి, దాచి దొరికితేనే జరిమానా. పాస్‌పోర్ట్, ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చిన కాగితం), అడ్మిషన్ లెటర్, బ్యాంకు కాగితాలు చేతి బ్యాగులోనే ఉండాలి, సూట్‌కేసులో వేసేస్తే ఇమిగ్రేషన్ దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు. ఐ-20 మీద ఉన్న స్టార్ట్ డేట్‌కి 30 రోజుల కంటే ముందు రానివ్వరు, టికెట్ తీసేముందు అది చూసుకోండి.

దిగిన వారంలోనే ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసుకి వెళ్ళండి. మీరు వచ్చారని వాళ్ళు విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ రికార్డు సెవిస్‌లో ఎక్కించాలి, దానికి స్టార్ట్ డేట్ నుంచి 30 రోజులే గడువు. ఐ-94 (మీరు దేశంలోకి వచ్చినట్టు రికార్డు) ఆన్‌లైన్‌లో తీసి పేరు, తేదీలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి. ఇల్లు మారితే 10 రోజుల్లో ఆ ఆఫీసుకి కొత్త అడ్రస్ చెప్పాలి. మాస్టర్స్‌కి చాలాచోట్ల సెమిస్టర్‌కి 9 క్రెడిట్లు ఉండాలి, కష్టంగా ఉందని ఒక సబ్జెక్ట్ డ్రాప్ చేసేముందు ఆ ఆఫీసులో అడిగి అనుమతి తీసుకోవాలి, డ్రాప్ చేసేసాక వెళ్తే వాళ్ళు కూడా ఏమీ చెయ్యలేరు. సీనియర్ ఏదో చెప్పాడని, వాట్సాప్ గ్రూప్‌లో ఎవరో రాసారని వీసా విషయం నమ్మి చెయ్యొద్దు, నాతో సహా.

అసలు నాను చెప్పాలనుకున్నది ఇది. మాది గజపతినగరం దగ్గర పల్లె, పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇక్కడికొచ్చాక మొదటి సెమిస్టర్లో ఒక ప్రోగ్రామింగ్ అసైన్‌మెంట్ అస్సలు అర్థం కాలేదు. ప్రొఫెసర్‌కి ఆఫీస్ అవర్స్ ఉన్నాయి, అంటే డౌట్లు అడగడానికి ఆయన గదిలో కూర్చునే టైము, రెండుసార్లు ఆ తలుపు దాకా వెళ్ళి, లోపల నవ్వుకుంటూ ఇంగ్లీషు మాట్లాడుకుంటున్నవాళ్ళని విని, నా ఇంగ్లీషుతో ఏం అడుగుతాంలే అని వెనక్కి వచ్చేసాను. ఆ రాత్రి రూమ్మేట్ కోడ్ చూసి రాసేసాను. ఇంజినీరింగ్‌లో రికార్డులు అలాగే రాసుకున్నాం కదా, అది తప్పని మనకి తోచదు. వారం తిరక్కుండా ఇద్దర్నీ పిలిచారు. ఇద్దరికీ సున్నా, ఫైల్లో వార్నింగ్, ఇంకోసారైతే సస్పెన్షన్ అన్నారు. నాకు సాయం చేసిన పాపానికి వాడికి కూడా పడింది చూడండి, అది ఇప్పటికీ బాధే.

తర్వాత వారం ప్రొఫెసర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన కుర్చీ లాగి కూర్చోమని, నా పేపరు తీసుకుని, "ఎక్కడ ఆగిపోయావు" అని ఒక్కటే అడిగారు. లూప్ దగ్గర వేలు పెట్టి చూపించాను, ముక్కలు ముక్కలుగా ఏదో చెప్పాను. బోర్డు మీద మూడు డబ్బాలు గీసి, మార్కర్ నా చేతికిచ్చి నాలుగోది నువ్వు గియ్యి అన్నారు. పావుగంటలో అయిపోయింది. నా గ్రామర్ ఆయన పట్టించుకోనేలేదు. ఆ గంట మీ ఫీజులో భాగం బాబూ, వెళ్ళి అడగండి. అర్థం కాకపోతే మెల్లగా చెప్పమనండి, ఎవ్వరూ ఏమీ అనుకోరు.

ఇంక పని గురించి. నాన్న పొలం కాగితాలు పెట్టి లోన్ తీసుకునుంటారు, ఆ వడ్డీ గుర్తొస్తే నిద్ర పట్టదు, నాకు తెలుసు. అయినా సరే బయట పెట్రోల్ బంకుల్లో, షాపుల్లో చేతికి డబ్బులిచ్చే పనికి మాత్రం వెళ్ళొద్దు, అనుమతి లేకుండా పని చేస్తే ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) స్టేటస్ పోతుంది, లోన్ మాత్రం ఉండిపోతుంది. క్యాంపస్‌లో అయితే క్లాసులు జరిగేటప్పుడు వారానికి 20 గంటల దాకా చెయ్యొచ్చు. డైనింగ్ హాల్, లైబ్రరీ, ఏదైనా పర్లేదు, మొదటి వారమే అడగండి, తర్వాత ఖాళీలుండవు. ఆ జాబ్ లెటర్‌తోనే సోషల్ సెక్యూరిటీ నంబర్ (జీతానికి, పన్నుకి కావాల్సిన నంబర్) వస్తుంది.

జ్వరమొస్తే ముందు స్టూడెంట్ హెల్త్ సెంటర్. ప్రాణం మీదకొస్తే ఆలోచించకుండా 911కి ఫోన్ చెయ్యండి, చిన్నదానికి ఎమర్జెన్సీ గదికి వెళ్తే ఇన్సూరెన్స్ ఉన్నా బిల్లు గట్టిగానే వస్తుంది.

అక్టోబర్ వచ్చేసరికి దిగులు పట్టుకుంటుంది. విజయనగరం పైడితల్లమ్మ పండగ, సిరిమాను మంగళవారం ఇక్కడ తెల్లారకముందే లేచి ఫోన్లో చూసాను, గంటస్తంభం దగ్గర జనం, పూజారి గారు మాను మీద, వెనకాల అమ్మ గొంతు "కనిపిస్తందా నాన్నా" అని. ఆ రోజు క్లాసుకి వెళ్ళలేకపోయాను. అలాంటప్పుడు గదిలో ఒక్కరే ఉండిపోకండి, పక్క గదివాళ్ళని పిలిచి వండుకు తినండి. ఎన్నాళ్ళైనా తగ్గకపోతే కాలేజీ కౌన్సెలింగ్ సెంటర్‌కి వెళ్ళండి, చాలాచోట్ల విద్యార్థులకి డబ్బులు తీసుకోరు, ఇంట్లోవాళ్ళకి చెప్పరు.

ఇంకోటి, నవంబర్ మొదటి ఆదివారం చాలా రాష్ట్రాల్లో గడియారం గంట వెనక్కి తిప్పుతారు. న్యూయార్క్ వైపు ఉంటే మనకీ ఇంటికీ తేడా తొమ్మిదిన్నర గంటల నుంచి పదిన్నర అవుద్ది. రోజూ రాత్రి తొమ్మిదికి ఫోన్ చేసేవాళ్ళైతే ముందురోజే ఇంట్లో చెప్పండి, లేకపోతే అమ్మ పొద్దున్న ఆరున్నరకే ఫోన్ పట్టుకుని గంటసేపు కూర్చుంటుంది.