వంద మంది వాద్యగాళ్ళ సినిమాను ఎలా చూడాలంటే

పాత హాలీవుడ్ మ్యూజికల్ పెడితే నా స్నేహితుల్లో సగం మంది పావుగంటకే ఫోన్ అందుకుంటారు. వాళ్ళకు నేను మొదట ఇచ్చే సినిమా 1937 నాటి ‘వన్ హండ్రెడ్ మెన్ అండ్ ఎ గర్ల్’. నిడివి 84 నిమిషాలే. కామెడీ ఉంది, పాటలున్నాయి, పని దొరక్క తిరిగే వాద్యగాళ్ళున్నారు. నేను వయొలిన్ నేర్చుకుంటున్నాను. నిజం చెప్పాలంటే వాయించడం కన్నా వాయించేవాళ్ళను చూడటమే నాకు ఎక్కువ ఇష్టం. కాబట్టి ఈ పద్ధతిలో కాస్త నా పక్షపాతం ఉంటుంది.

ముందు టీవీ సంగతి చూసుకోండి. ఈ సినిమా బొమ్మ వెడల్పు తక్కువగా, దాదాపు చదరంగా ఉంటుంది. రెండు పక్కలా నల్లగా ఖాళీ కనిపిస్తే అదే సరైనది. తెర నిండాలని సాగదీశారంటే మనుషులు పొట్టిగా, లావుగా అయిపోతారు. సరౌండ్ ఎఫెక్టులు కూడా ఆపేయండి. వాటివల్ల పాత మోనో శబ్దం గుహలోంచి వస్తున్నట్టు ఉంటుంది.

తర్వాత, ప్లే నొక్కేముందు ఫ్రాంజ్ లిస్ట్ అనే స్వరకర్త రాసిన హంగేరియన్ రాప్సొడీ రెండోది ఒకసారి వినండి. పది నిమిషాల పని. నెమ్మదిగా, బరువుగా మొదలై చివరికి పిచ్చి వేగం అందుకుంటుంది. ఇది మాత్రం మానకండి, ఎందుకో తర్వాత చెప్తాను.

కొంచెం చరిత్ర కూడా కావాలి. మూకీల రోజుల్లో అమెరికాలో పెద్ద థియేటర్లలో తెర ముందు ఆర్కెస్ట్రా కూర్చుని వాయించేది. 1927లో ‘ద జాజ్ సింగర్’ వచ్చాక టాకీలు ఊపందుకున్నాయి. వేలమంది వాద్యగాళ్ళ ఉద్యోగాలు పోయాయి. వెనకాలే 1929 స్టాక్ మార్కెట్ పతనం, మాంద్యం. చివరికి 1935లో ప్రభుత్వమే ఫెడరల్ మ్యూజిక్ ప్రాజెక్ట్ పెట్టి వాద్యగాళ్ళకు జీతాలివ్వాల్సి వచ్చింది. వాళ్ళ పొట్ట కొట్టిన టాకీయే వాళ్ళ మీద కామెడీ తీసి టికెట్లు అమ్ముకుంది! ఇది తెలిసి చూస్తే జోకులు వేరేగా వినిపిస్తాయి.

కథ ముందే చెప్పేస్తున్నాను, ఇందులో సస్పెన్స్‌తో పనిలేదు. జాన్ అనే ట్రోంబోన్ వాద్యకారుడికి పని లేదు, అద్దె బాకీ ఉంది. దొరికిన పర్సులోని డబ్బుతో అద్దె కట్టేసి, పేరున్న కండక్టర్ (ఆర్కెస్ట్రాను చేతి సైగలతో నడిపించేవాడు) స్టొకోవ్‌స్కీ ఆర్కెస్ట్రాలో ఉద్యోగం వచ్చిందని అబద్ధమాడతాడు. అది నమ్మిన కూతురు ప్యాట్సీ నిజం తెలిశాక ఏడుస్తూ కూర్చోదు. పర్సు తీసుకెళ్ళి దాని యజమానురాలికి ఇస్తుంది. ఆ గొప్పింటావిడ ఏదో మాటవరసకు ఆర్కెస్ట్రా పెడితే సాయం చేస్తానంటుంది. ఈ పిల్ల దాన్ని పట్టుకుని వంద మంది నిరుద్యోగ వాద్యగాళ్ళను పోగుచేస్తుంది. తండ్రిగా అడాల్ఫ్ మెంజూ, కూతురిగా డియానా డర్బిన్ వేశారు. షూటింగ్ నాటికి డర్బిన్‌కు పదిహేనేళ్ళు. మొజార్ట్ ‘అల్లెలూయా’ పాడేటప్పుడు మాత్రం ఆ వయసు నమ్మడం కష్టం.

చూసేటప్పుడు మాటలకన్నా చేతుల మీద కన్నేయండి. స్టొకోవ్‌స్కీ పాత్రలో ఉన్నది అసలు స్టొకోవ్‌స్కీయే. ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాను 1912 నుంచీ నడిపించిన మనిషి. ఆయన బేటన్, అంటే కండక్టర్లు ఊపే చిన్న కర్ర, పట్టుకోడు, వట్టి చేతులతోనే నడిపిస్తాడు. నటన అంతంత మాత్రం, మాట్లాడితే కొయ్యబారినట్టుంటాడు. చేతులు లేచాయా, ఇక తెర ఆయనదే.

అందుకే మెట్ల సీన్ దగ్గర ఫోన్ దూరంగా పెట్టండి. ఆ వంద మంది దొంగతనంగా ఆయన ఇంట్లో దూరి, మెట్ల మీదే నిలబడి మీరు ఇందాక విన్న రాప్సొడీ మొదలుపెడతారు. వాళ్ళను నడిపించడం తనవల్ల కాదన్న మనిషి పైనుంచి వింటుంటాడు. ముందు వేళ్ళు, తర్వాత చేతులు ఆయనకు తెలియకుండానే కదలడం మొదలవుతుంది. రాప్సొడీ వేగం ఎక్కడ పెరుగుతుందో మీకు ముందే తెలుసు కాబట్టి, ఆయన ఎప్పుడు లొంగిపోతాడా అని ఎదురుచూస్తూ ఉంటారు. పది నిమిషాలు ముందే వినమన్నది దీనికోసమే.

ధనవంతులు ఒకరినొకరు ఆటపట్టించుకునే సీన్లు నాకు సాగదీతగా అనిపిస్తాయి. అక్కడ టీ పెట్టుకోవచ్చు. కాకపోతే ఆ ధనవంతుల్లో ఒకడిగా వేసిన యూజీన్ పాలెట్ బొంగురు గొంతు వినిపిస్తే వెనక్కి రండి, ఆయన విసుక్కోవడమే ఒక వాద్యం.

ఆర్కెస్ట్రా సంగీతాన్ని ఫిలడెల్ఫియాలోని అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో ఒకేసారి చాలా ఛానెళ్ళలో, అంటే విడివిడి శబ్ద పట్టీల మీద, రికార్డ్ చేసి, తర్వాత కలిపారు. అప్పటికి అది కొత్త ప్రయోగం. సంగీతానికి ఆస్కార్ కూడా వచ్చింది, కానీ యూనివర్సల్ సంగీత విభాగం పేరు మీద, దాని అధిపతి చార్లెస్ ప్రెవిన్‌కు. ఆ రోజుల్లో రివాజు అది. అవార్డు పలకలో వాయించినవాళ్ళకు చోటెక్కడుంటుంది లెండి.

నచ్చితే రెండోసారి చివరి కచేరీ ఒక్కటే పెట్టుకోండి. డర్బిన్ ‘లా ట్రావియాటా’ ఒపెరాలోని పాట అందుకున్నప్పుడు ఆమెను వదిలేసి వెనక వరసలు చూడండి.